బెంటన్‌విల్ ఆఫర్‌కి ఊ కొట్టేముందు: ఊరి లెక్క, కౌంటీ లెక్క, రాష్ట్రం లెక్క

మారతహళ్ళిలోనో బెళ్ళందూరులోనో పనిచేసే తెలుగువాళ్ళకి అమెరికా అంటే డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా. ఆఫర్ లెటర్‌లో 'బెంటన్‌విల్, అర్కాన్సా' అని కనపడితే చేసే పనులు మూడే. మ్యాప్ తెరవడం, జీతాన్ని రూపాయల్లోకి మార్చుకోవడం, డాలస్‌లో ఉన్న బావగారికి ఫోన్ చేయడం. 'అక్కడేముందయ్యా, డాలస్ అడుగు' అంటారు బావగారు. ఆయన మాట తప్పో ఒప్పో తేల్చుకోవడానికి రెండు సాయంత్రాలు చాలు. కావలసిన అంకెలన్నీ అమెరికా ప్రభుత్వమే ఉచితంగా పెట్టింది.

బెంటన్‌విల్ వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్న ఊరు, ఆ కంపెనీ టెక్ విభాగం వాల్‌మార్ట్ గ్లోబల్ టెక్‌కి బెంగళూరులోనూ చెన్నైలోనూ ఆఫీసులున్నాయి కాబట్టి బెంటన్‌విల్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఇదే పద్ధతి కమిన్స్ ఉన్న ఇండియానాలోని కొలంబస్‌కి, స్టేట్ ఫార్మ్ ఉన్న ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌కి కూడా పనికొస్తుంది. పన్నుల అంకెలు మాత్రం అర్కాన్సావి, ఇంకో రాష్ట్రానికి వాడకండి. అన్నట్టు, ఆ పేరు చివర 'స్' రాస్తారు గానీ పలకరు. దీనికోసం 1881లో అక్కడి శాసనసభ తీర్మానమే చేసింది.

ముందు సరైన బెంటన్ పట్టుకోండి

నవ్వులాటగా అనిపించినా మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. బెంటన్‌విల్ ఉన్నది బెంటన్ కౌంటీలో. బెంటన్ అనే ఊరు మాత్రం అదే రాష్ట్రంలో, రాజధాని లిటిల్ రాక్ పక్కన, సెలీన్ కౌంటీలో ఉంది. బెంటన్ కౌంటీలు ఇండియానా, అయోవా, ఒరెగాన్ లాంటి వేరే రాష్ట్రాల్లో కూడా ఉన్నాయి. పక్కనున్న వాషింగ్టన్ కౌంటీ పేరైతే సగం అమెరికాలో దొరుకుతుంది. అందుకే పేరుతో వెతక్కండి, ప్రతి కౌంటీకీ ప్రభుత్వం ఇచ్చిన ఐదంకెల ఫిప్స్ (FIPS) కోడ్‌తో వెతకండి. అర్కాన్సాలోని బెంటన్ కౌంటీ కోడ్ 05007. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, తర్వాతి మూడు కౌంటీవి. ముందున్న సున్నాని ఎక్సెల్ మింగేస్తుంది కాబట్టి ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి.

కౌంటీ అంటే మన జిల్లాలాంటిదే గానీ దాన్ని నడిపే మన కలెక్టర్ లాంటివాడు ఉండడు. అర్కాన్సాలో కౌంటీని నడిపేది 'కౌంటీ జడ్జి', బడ్జెట్ పాస్ చేసేది 'కోరమ్ కోర్ట్'. పేర్లు చూసి ఏదో కేసు అనుకోకండి, ఆ జడ్జీ, ఆ కోర్ట్ సభ్యులూ ఎన్నికైన పాలకులే. మీకు తరచూ పని పడేది ఆస్తుల విలువ కట్టే అసెసర్‌తో, కలెక్టర్‌తో. అక్కడి కలెక్టర్ పన్నులు వసూలు చేసే ఉద్యోగి, అంతే.

నాలుగు వలయాలు, ఒకే పట్టికలో

ఊరు, కౌంటీ, మెట్రో, రాష్ట్రం: ఇవే ఆ నాలుగు వలయాలు. జనగణన చేసే సెన్సస్ బ్యూరో సైట్‌లో క్విక్‌ఫాక్ట్స్ అనే పేజీ ఉంది. ఒకేసారి ఆరు ప్రాంతాలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. బెంటన్‌విల్, పక్క ఊరు రోజర్స్, బెంటన్ కౌంటీ, వాషింగ్టన్ కౌంటీ, అర్కాన్సా రాష్ట్రం పెట్టండి. ఆరోదానిగా పోలికకి డాలస్ శివారు ఏదైనా పెట్టండి.

ఒక్క జనాభా వరసే ఎంత చెబుతుందో చూడండి. 2010 జనగణనలో బెంటన్‌విల్‌లో 35,301 మంది ఉన్నారు, 2020 నాటికి 54,164. బెంటన్ కౌంటీ 2,21,339 నుంచి 2,84,333కి, వాషింగ్టన్ కౌంటీ 2,03,065 నుంచి 2,45,871కి పెరిగాయి. అంటే రెండు కౌంటీలూ కలిసి పదేళ్ళలో 1,05,800 మందిని చేర్చుకున్నాయి. మొత్తం రాష్ట్రం పెరుగుదల చూస్తే 29,15,918 నుంచి 30,11,524కి, అంటే 95,606 మాత్రమే. తీసివేత చేయండి: ఈ రెండు కౌంటీలు పక్కన పెడితే మిగతా అర్కాన్సాలో పది వేల మందికి పైగా తగ్గారు. మిసిసిపీ నది ఒడ్డునున్న ఫిలిప్స్ కౌంటీ ఒక్కటే 21,757 నుంచి 16,568కి పడింది.

కాబట్టి 'అర్కాన్సా బీద రాష్ట్రం' అన్న మాటా నిజమే, 'బెంటన్‌విల్ దూసుకుపోతోంది' అన్న మాటా నిజమే. రాష్ట్రం సగటు చూసి ఊరిని అంచనా వేస్తే రాయచూరు లెక్కతో వైట్‌ఫీల్డ్ అద్దె ఊహించినట్టు ఉంటుంది. అలాగని రాష్ట్రాన్ని మర్చిపోనూ కూడదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రేటు, స్కూళ్ళకిచ్చే డబ్బు, రోడ్లు నిర్ణయించేది లిటిల్ రాక్‌లో కూర్చున్న శాసనసభ. అందులో వరి పండించే తూర్పు కౌంటీల వాళ్ళూ ఉంటారు. అమెరికాలో పండే బియ్యంలో దాదాపు సగం ఈ రాష్ట్రానిదే. సోనా మసూరి ఆశపడకండి, అక్కడ పండేది ఎక్కువగా పొడుగు గింజ. పైగా ఆ పొలాలు బెంటన్‌విల్‌కి రాష్ట్రం ఆ చివర ఉంటాయి.

మిగిలిన వలయం మెట్రో ప్రాంతం, అంటే ఒకే ఉద్యోగాల మార్కెట్‌గా లెక్కేసే కౌంటీల గుంపు. బెంటన్, వాషింగ్టన్, మాడిసన్ కౌంటీలు కలిపి 'ఫేయెట్‌విల్-స్ప్రింగ్‌డేల్-రోజర్స్' అంటారు. 2020లో ఇక్కడి జనాభా 5,46,725. ఉద్యోగాల లెక్క, జీతాల లెక్క, వీసా లెక్క అన్నీ ఈ మెట్రో పేరు మీదే వస్తాయి. ఆ పేరులో బెంటన్‌విల్ లేకపోవడం చూసి చాలామంది 'డేటా లేదు' అని వదిలేస్తారు.

ఊరికి అన్నం పెట్టేది ఎవరు

ప్రతి చిన్న ఊరికీ బయటి డబ్బు తెచ్చే పరిశ్రమ ఒకటో రెండో ఉంటుంది. మిగతావన్నీ, అంటే సెలూన్, హోటల్, పళ్ళ డాక్టరు, ఇళ్ళ బ్రోకరు, ఆ డబ్బుని చేతులు మార్చేవే. మొదటి రకాన్ని గుర్తించడమే అసలు పని.

బెంటన్ కౌంటీ ఇప్పటికి మూడు వృత్తులు మార్చింది. 1900 ప్రాంతంలో దేశంలోనే పేరున్న యాపిల్ కౌంటీ ఇది. చీడలు, ధరలు కలిసి తోటల్ని దెబ్బకొట్టాక కోళ్ళొచ్చాయి. కోళ్ళ వెనక మేత మిల్లులు, లారీలు వచ్చాయి. పక్కనే స్ప్రింగ్‌డేల్‌లో టైసన్ ఫుడ్స్, ఇదే కౌంటీలోని సైలోమ్ స్ప్రింగ్స్‌లో సిమన్స్ ఫుడ్స్, లోవెల్‌లో జె.బి. హంట్ లారీల కంపెనీ ఇప్పటికీ ఉన్నాయి. శామ్ వాల్టన్ 1950లో బెంటన్‌విల్ చౌకులో చిన్న చిల్లర దుకాణం పెట్టాడు. మొదటి వాల్‌మార్ట్ మాత్రం 1962లో పక్క ఊరు రోజర్స్‌లో తెరిచాడు. ఆ కంపెనీకి సరుకు అమ్మేవాళ్ళు వందల కొద్దీ ఇక్కడే ఆఫీసులు పెట్టుకున్నారు. 2025 జనవరిలో 350 ఎకరాల కొత్త హెడ్డాఫీసు ప్రాంగణం తెరుచుకుంది.

ఇప్పుడు ఇదే కథని అంకెల్లో పట్టుకోవాలి. మూడు చోట్ల వెతకండి.

మొదటిది ఊరి వార్షిక ఆర్థిక నివేదిక. మునిసిపాలిటీ సైట్‌లో ఫైనాన్స్ విభాగం కింద ఉండే లావుపాటి పీడీఎఫ్. మొదటి నూరు పేజీలు వదిలేసి, చివర్న ఉండే గణాంకాల భాగానికి వెళ్ళండి. 'ప్రధాన యజమానులు' అని పది వరసల పట్టిక ఉంటుంది. ఈ ఏడాది ఎవరి దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు, మొత్తంలో ఎంత శాతం, తొమ్మిదేళ్ళ కిందట ఎంత, అన్నీ పక్కపక్కనే. మొదటి వరస శాతానికీ రెండో వరసకీ ఎంత ఎడం ఉందో చూడండి. రెండోది ఆసుపత్రో, స్కూలు డిస్ట్రిక్టో, యూనివర్సిటీయో అయితే అది ఊరికి కాస్త దన్ను. రెండోది కూడా మొదటిదాని మీద బతికే కంపెనీ అయితే వరసలు రెండైనా గుర్రం ఒక్కటే. పట్టిక కింద సన్నటి అక్షరాల్లో ఆ శాతం ఊరిదా, కౌంటీదా, మెట్రోదా అన్నది రాసుంటుంది, తప్పకుండా చదవండి.

రెండోది కార్మిక గణాంకాల బ్యూరో వారి క్యూసీఈడబ్ల్యూ (QCEW) పట్టిక. మూడు నెలలకోసారి ప్రతి కౌంటీలో, ప్రతి పరిశ్రమలో ఎన్ని ఉద్యోగాలు, సగటు వారపు జీతం ఎంత అన్నది ఇందులో వస్తుంది. దీన్లో 'లొకేషన్ కోషెంట్' కాలమ్ మీకు కావలసింది. లెక్క తేలిక: కౌంటీలో లక్ష ఉద్యోగాల్లో పదివేలు ఒక పరిశ్రమవి అనుకోండి, అంటే 10 శాతం. దేశం మొత్తం మీద ఆ పరిశ్రమ వాటా 2 శాతం అయితే కోషెంట్ 5. ఒకటి అంటే అందరితో సమానం. రెండు దాటిందంటే ఊరు దాని మీద ఆనుకుని ఉందని అర్థం.

ఇక్కడ మూడు గోతులున్నాయి. వాల్‌మార్ట్ అంటే చిల్లర వ్యాపారం కదా అని రిటైల్ వరసలో వెతికితే హెడ్డాఫీసు దొరకదు. పరిశ్రమల కోడ్‌లో హెడ్డాఫీసులకి వేరే వరస ఉంది, 55, 'కంపెనీల నిర్వహణ'. రిటైల్ వరసలో ఉండేది దుకాణాల్లో పనిచేసేవాళ్ళే. రెండో గొయ్యి: ఒకే కంపెనీ అంకె బయటపడిపోయేలా ఉంటే బ్యూరో ఆ గడిని దాచేస్తుంది. ఖాళీ గడి చూసి 'ఇక్కడ ఆ పరిశ్రమే లేదు' అనుకోవద్దు. ఆ గది తలుపుకి తాళం ఉందంటే లోపల పెద్దమనిషి ఉన్నాడనే లెక్క. మూడోది: సగటు జీతం మొదటి త్రైమాసికంలో బోనస్‌ల వల్ల ఉబ్బుతుంది. నాలుగు త్రైమాసికాల సగటు తీసుకోండి.

సగటు అన్నాక ఇంకో మాట. కౌంటీ తలసరి ఆదాయం చూసి మురిసిపోకండి. వాల్టన్ కుటుంబం లాంటివాళ్ళ డివిడెండ్లు కూడా అందులోనే కలుస్తాయి. సెన్సస్ ఇచ్చే మధ్యస్థ గృహాదాయమే (ఇళ్ళని ఆదాయం వరసలో పెడితే సరిగ్గా నడిమి ఇంటిది) చూడండి, దాన్ని ఒక్క కోటీశ్వరుడు కదపలేడు.

మూడోది ఆన్‌ద‌మ్యాప్. ఇది సెన్సస్ వారి మ్యాపు పరికరం. 'ప్లేసెస్' ఎంచుకుని బెంటన్‌విల్ అర్కాన్సా అని కొట్టండి, విశ్లేషణ రకంలో 'ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో' నొక్కండి. మూడు అంకెలొస్తాయి: బయట ఉండి ఊళ్ళో పనిచేసేవాళ్ళు, ఊళ్ళోనే ఉండి ఊళ్ళోనే చేసేవాళ్ళు, ఊళ్ళో ఉండి బయటికి వెళ్ళేవాళ్ళు. మొదటి అంకె మిగతా రెండింటినీ మింగేస్తే ఆ ఊరు ఆఫీసు, నివాసం పక్క ఊళ్ళలో అన్నమాట. అప్పుడు అద్దెలు చూడాల్సింది సెంటర్టన్, రోజర్స్, బెల్లా విస్టాలో కూడా. సెంటర్టన్ 2010లో 9,515 మంది ఉన్న పల్లె, 2020కి 17,792. ఈ పరికరం డేటా రెండు మూడేళ్ళు పాతది. పైగా వేరే ఊళ్ళలో పనిచేసేవాళ్ళని కూడా కొన్ని కంపెనీలు హెడ్డాఫీసు చిరునామాలో చూపిస్తాయి. అందుకని నిష్పత్తి చూడండి, అంకెని పట్టుకుని వేలాడకండి.

వీసా, ఇల్లు, ఉద్యోగం: ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయా

బెంగళూరులో ఒక టెక్ పార్క్‌లో ఉద్యోగం పోతే ఎదురు టెక్ పార్క్‌లో ఇంటర్వ్యూ. పిల్లల స్కూలు మారదు, ఇల్లు మారదు. ఒక్క కంపెనీ ఊళ్ళో అది కుదరదు. ఇది మనకి తెలియని సంగతేం కాదు, బెంగళూరుకి వంద కిలోమీటర్ల దూరంలో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ ఉంది. 2001లో గని మూతపడింది, ఊరు అలాగే ఉంది, జీతాలు లేవు. బెంటన్‌విల్‌కి అలాంటి గతి పడుతుందని ఎవరూ అనడం లేదు. ఊరు గట్టిదే. గట్టిది కానిది మీ వీసా.

ఆఫర్ వచ్చింది ఎల్-1 (అదే కంపెనీలో దేశం మారే బదిలీ వీసా) మీదా, హెచ్-1బి (లాటరీలో వచ్చే ఉద్యోగ వీసా) మీదా అన్నది ఈ ఊరి విషయంలో జీతం కంటే ముఖ్యం. ఎల్-1 మీద కంపెనీ మారడానికి లేదు. రోడ్డవతల టైసన్, ఆ పక్క జె.బి. హంట్ మిమ్మల్ని తీసుకుందామన్నా ఎల్-1తో తీసుకోలేవు. ఇదివరకు లాటరీలో హెచ్-1బి పొందని వాళ్ళయితే మళ్ళీ మార్చి లాటరీ, అక్టోబరు దాకా ఎదురుచూపు. ఎల్-1బికి మొత్తం గడువు ఐదేళ్ళు, మేనేజర్ల ఎల్-1ఎకి ఏడేళ్ళు. ఉద్యోగం పోతే ఈ రెండింటిలో ఏ వీసాకైనా దేశంలో ఉండనిచ్చే గ్రేస్ గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకంటే ముందే ముగిస్తే అప్పటివరకే. ఎల్-1లో ఒక మేలుంది: భర్తకో భార్యకో ఐ-94 మీద 'ఎల్-2ఎస్' అని పడితే వేరే పర్మిట్ లేకుండా పనిచేసుకోవచ్చు. హెచ్-1బి వాళ్ళ భర్తగానో భార్యగానో హెచ్-4 మీద వచ్చినవాళ్ళకి సాధారణంగా ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం అయ్యేదాకా ఆ వీలు లేదు. ఇంట్లో రెండో జీతం వేరే కంపెనీ నుంచి రావడమే ఒక్క కంపెనీ ఊళ్ళో అసలైన బీమా. అందుకే రెండో మనిషి రంగానికి మెట్రోలో ఉద్యోగాలున్నాయో లేదో క్యూసీఈడబ్ల్యూలో ఇప్పుడే చూసుకోండి. నర్సింగ్, టీచింగ్, అకౌంట్స్ లాంటివి చిన్న మెట్రోల్లోనూ దొరుకుతాయి. చిప్ డిజైన్ లాంటివి దొరకవు.

హెచ్-1బి అయితే లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో మీ వృత్తికి ఈ మెట్రోలో ప్రివెయిలింగ్ వేజ్ (ఆ పనికి అక్కడ మామూలుగా ఇచ్చే జీతం) ఎంతో, నాలుగు స్థాయిల్లో, చూడొచ్చు. బే ఏరియా అంకె పక్కన పెట్టి చూస్తే ఆఫర్ ఎందుకు తక్కువగా ఉందో అర్థమవుతుంది, బేరం ఎక్కడిదాకా ఆడొచ్చో కూడా. డాలస్ ఆఫీసు నుంచి బెంటన్‌విల్‌కి మారుస్తామంటే కొత్త మెట్రో కాబట్టి సవరించిన పిటిషన్ వేయాలి, అది వేశాకే కదలండి. బెంటన్‌విల్ నుంచి రోజర్స్‌కి అయితే మెట్రో ఒకటే కాబట్టి ఆ గొడవ లేదు.

ఇల్లు సంగతి. మొదటి ఏడాది కొనకండి, అద్దెకుండండి. 2024 మేలో వాల్‌మార్ట్ డాలస్, అట్లాంటా, టొరంటో ఆఫీసుల వాళ్ళని ప్రధానంగా బెంటన్‌విల్‌కి తరలిరమ్మంది. అలాంటి ఒక్క నిర్ణయంతో ఇంత చిన్న మార్కెట్‌లో కొనేవాళ్ళు ఒక్కసారిగా పెరుగుతారు. అదే కంపెనీ ఉద్యోగాలు తగ్గిస్తే అమ్మేవాళ్ళూ ఒక్కసారిగానే బయటికొస్తారు, మీరు కూడా ఆ వరసలోనే నిలబడాలి. అద్దె అంచనాకి కేంద్ర గృహనిర్మాణ శాఖ హడ్ (HUD) వారి ఫెయిర్ మార్కెట్ రెంట్ చూడండి. అది మధ్యస్థ అద్దె కాదు, 40వ పర్సంటైల్, అంటే వందలో నలభై ఇళ్ళ అద్దె దానికి లోపే ఉంటుంది. కరెంటు, నీళ్ళు కూడా కలిపిన అంకె. కొత్త అపార్ట్‌మెంట్లు అంతకంటే పైనే ఉంటాయి. బెంగళూరులోలా పది నెలల అడ్వాన్స్ బాధ లేదు, ఆరూ అంతకంటే ఎక్కువ ఇళ్ళున్న యజమాని రెండు నెలల అద్దెకి మించి డిపాజిట్ అడగకూడదని అర్కాన్సా చట్టం. లీజులో మాత్రం ఉద్యోగం పోయినా, బదిలీ అయినా బయటపడే క్లాజు ఉందో లేదో చూసి సంతకం పెట్టండి. లేకపోతే మిగిలిన నెలల అద్దె మీ మెడకే.

పన్నులు: పే స్లిప్‌లో కనపడనివే కరుస్తాయి

రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ గరిష్ఠ రేటుని 2024లో 3.9 శాతానికి దించారు. ఊరికీ కౌంటీకీ వేరే ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. 1,30,000 డాలర్ల జీతం మీద ఈ లెక్కన రాష్ట్రానికి దాదాపు 5,000 డాలర్లు. 'టెక్సాస్‌లో అదీ లేదు' అంటారు బావగారు. నిజమే, కానీ ఆయన ఇంటి పన్ను ఎంతో కూడా అదే ఫోన్‌లో అడగండి.

అమ్మకం పన్ను రాష్ట్రానికి 6.5, కౌంటీకి 1, బెంటన్‌విల్‌కి 2, వెరసి 9.5 శాతం. వంద డాలర్ల కుర్చీకి బిల్లు 109.50. వంట సరుకుల మీద రాష్ట్రం వాటాని 2026 జనవరి నుంచి పూర్తిగా ఎత్తేశారు, ఊరి, కౌంటీ వాటాలు మిగిలే ఉన్నాయి.

కొత్తగా వచ్చినవాళ్ళు బోల్తాపడేది కారు దగ్గర. బెంగళూరులో షోరూం వాడే రోడ్ ట్యాక్స్‌తో సహా ఆన్‌రోడ్ ధర చెబుతాడు. అర్కాన్సాలో డీలర్‌కి కారు డబ్బు మాత్రమే కడతారు, అమ్మకం పన్ను రిజిస్ట్రేషన్ రోజున రెవెన్యూ ఆఫీసులో మీరే కట్టాలి. లోన్ డబ్బంతా డీలర్‌కి పోయాక కౌంటర్ దగ్గర చేతిలో పన్ను డబ్బు లేక వెనక్కి వచ్చేవాళ్ళున్నారు. 25,000 డాలర్ల కారుకి లెక్క: రాష్ట్రం 6.5 శాతం, 1,625. ఊరి, కౌంటీ 3 శాతం పూర్తి ధర మీద కాదు, వాహనాలకి మొదటి 2,500 డాలర్ల మీదే. అంటే 75. మొత్తం 1,700 డాలర్లు, రిజిస్ట్రేషన్ ఫీజు వేరే. 9.5 శాతం అని 2,375 అనుకుని భయపడనక్కర్లేదు, సున్నా అనుకునీ వెళ్ళకూడదు.

అక్కడితో అయిపోలేదు. కారుకి ఏటేటా ఆస్తిపన్ను ఉంది. అర్కాన్సాలో ఇల్లయినా కారయినా విలువలో 20 శాతం మీద పన్ను వేస్తారు, రేటు 'మిల్లు'ల్లో చెబుతారు. ఒక మిల్లు అంటే అసెస్ చేసిన వెయ్యి డాలర్లకి ఒక డాలర్. మీ చిరునామాకి 60 మిల్లులు అనుకుందాం. 25,000 కారులో 20 శాతం 5,000, దాని మీద 60 మిల్లులు 300 డాలర్లు. అదే లెక్కన 3,50,000 డాలర్ల ఇంటికి 4,200. ఇందులో పెద్ద ముక్క స్కూలు డిస్ట్రిక్టుది, అందుకే రోడ్డుకి ఈ పక్క ఇంటికీ ఆ పక్క ఇంటికీ రేటు మారొచ్చు.

ఏటా మే 31లోపు కౌంటీ అసెసర్‌కి 'నా దగ్గర ఈ కారుంది' అని చెప్పాలి. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఐదు నిమిషాల పని. మర్చిపోతే 10 శాతం జరిమానా. ఈ ఏడాది చెప్పినదానికి బిల్లు వచ్చే ఏడాది వస్తుంది, అక్టోబరు 15లోపు కట్టాలి. ఇది తేలందే నంబర్ ప్లేటు స్టిక్కర్ రెన్యూ కాదు.

ఇల్లు కొనేటప్పుడు వెబ్‌సైట్‌లో కనపడే 'గత ఏడాది పన్ను' నమ్మకండి. సొంత నివాసానికి పన్ను వేసే విలువ ఏడాదికి 5 శాతానికి మించి పెరగకూడదని 2000లో తెచ్చిన రాజ్యాంగ సవరణ ఉంది. పాత యజమాని పదిహేనేళ్ళుగా ఉంటే ఆయన పన్ను కిందనే ఆగిపోయి ఉంటుంది. ఇల్లు చేతులు మారాక ఆ మూత తీసేసి పూర్తి విలువ మీద పన్ను వేస్తారు. అసెసర్ సైట్‌లో 'అప్రైజ్డ్ వాల్యూ' (అసెసర్ కట్టిన పూర్తి విలువ) అన్న అంకె తీసుకుని, అందులో 20 శాతం లెక్కేసి, మిల్లులతో గుణించి, వెయ్యితో భాగించుకోండి. అదే మీ బిల్లు. కొన్నాక హోమ్‌స్టెడ్ క్రెడిట్‌కి (సొంత నివాసానికిచ్చే పన్ను తగ్గింపు) అసెసర్ దగ్గర మీరే అర్జీ పెట్టుకోవాలి, దానంతటది రాదు.

కొంచెం ఉత్తరానికి వెళ్తే మిజూరీ రాష్ట్రం, ఇల్లు చవకని కొందరు అక్కడుంటారు. అలాగైతే ఏటా రెండు రాష్ట్రాల రిటర్న్‌లు వేయాలి. అర్కాన్సాకి నాన్ రెసిడెంట్‌గా, మిజూరీకి రెసిడెంట్‌గా. ఒకచోట కట్టింది రెండోచోట క్రెడిట్ వస్తుంది గానీ, చవకలో కొంత ఆడిటర్ ఫీజుకే పోతుంది.

మిగిలినవి, గబగబా

బడి: కిండర్‌గార్టెన్‌కి ఆగస్టు 1 నాటికి ఐదేళ్ళు నిండాలి. ఆగస్టు 2న పుట్టిన పిల్ల ఇంకో ఏడాది ఆగాల్సిందే, ఆ ఏడాది డేకేర్ ఖర్చు బడ్జెట్‌లో వేసుకోండి. ఇంటి చిరునామా ఏ స్కూలు కిందికి వస్తుందో డిస్ట్రిక్టు మ్యాపులో చూడండి, ఏజెంటు మాట మీద కాదు. కొత్త స్కూళ్ళు కట్టినప్పుడల్లా సరిహద్దులు జరుగుతుంటాయి.

ప్రయాణం: ఎక్స్‌ఎన్‌ఏ విమానాశ్రయం ఇదే కౌంటీలో హైఫిల్ దగ్గరుంది. ఇండియాకి నేరుగా ఏమీ లేదు, డాలస్ లాంటి పెద్ద హబ్ మీదుగా మారాలి. అమ్మానాన్నలు ఒంటరిగా వస్తుంటే ఆ రెండో విమానం మధ్య మూడు గంటలైనా వదిలి టికెట్ తీయండి, ఇమిగ్రేషన్ మొదటి ఊళ్ళోనే ఉంటుంది. ఊళ్ళో బస్సుల మీద ఆధారపడలేరు. ఇద్దరూ పనిచేస్తే రెండు కార్లు.

గాలివాన: 2024 మే 26 తెల్లవారుజామున రోజర్స్ మీదుగా టోర్నడో వెళ్ళింది. ఇంటి బీమాలో గాలికీ వడగళ్ళకీ డిడక్టబుల్ (నష్టంలో మీరే భరించాల్సిన మొదటి వాటా) డాలర్లలో కాక శాతంలో ఉంటుందేమో చూడండి. 3,50,000 ఇంటికి 2 శాతం అంటే మొదటి 7,000 డాలర్ల నష్టం మీరే పెట్టుకోవాలి.

కాలక్షేపం: క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం 2011లో తెరిచారు, సాధారణ ప్రవేశం ఉచితం. 2012 ఓటింగ్ దాకా ఈ కౌంటీలో మద్యం దుకాణాలు లేవు. తర్వాత ఊరి హోటళ్ళ రూపే మారిందని పాతవాళ్ళు చెబుతారు.

సంతకానికి ముందు హెచ్‌ఆర్‌ని అడగాల్సినవి

మెయిల్‌లోనే అడగండి, జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. వీసా ఏది, ఎల్-1 అయితే హెచ్-1బి లాటరీకి ఏ ఏడాది పేరు ఇస్తారు? గ్రీన్‌కార్డ్ పని ఎన్ని నెలల తర్వాత మొదలుపెడతారు? తరలింపు ఖర్చులో లీజు రద్దు చేసుకునే డబ్బు, తిరుగు టికెట్లు ఉన్నాయా? ఏడాదిలోపు మానేస్తే ఎంత వెనక్కివ్వాలి, కంపెనీయే తీసేస్తే కూడా ఇవ్వాలా? ఈ చివరి ప్రశ్నకి 'పాలసీ ప్రకారం' అని జవాబొస్తే ఆ పాలసీ పీడీఎఫ్ పంపమనండి.

ఎప్పుడో ఒకరోజు బెంటన్‌విల్ వదిలి డాలస్‌కో మళ్ళీ బెంగళూరుకో వెళ్ళినా, ఆ ఏడాది జనవరి 1న మీ పేరున కారు ఉంటే దాని పన్ను బిల్లు మరుసటి ఏడాది వస్తుంది. వెళ్ళేముందు కౌంటీ కలెక్టర్ సైట్‌లో చిరునామా మార్చి, అమెరికా బ్యాంకు ఖాతాలో నాలుగొందల డాలర్లు ఉంచి వెళ్ళండి.